చెయ్యి తిరగేసి ముట్టేటోడు

మొన్న మా ముందరి గది పెంకులు దించుతుంటే దూలం సందులకెల్లి ఒక చెయ్యి రాలి కింద పడ్డది.

కాగితం చెయ్యి. నా బొటనవేలంత కూడా ఉండదు. అయిదు వేళ్ళు విడివిడిగా ఉన్నయ్. ఎలుకలు కొట్టలే, చెదలు పట్టలే. పొగకు పసుపు పచ్చగయింది గని మణికట్టు కాడ అంటించిన అతుకు ఇంకా ఊడలే. పెంకులు దించే మేస్త్రి నన్ను చూసి నవ్విండు.

"ఏందవ్వా, గట్ల బిగుసుకపోయినవ్? తేలు గిట్ల ఉన్నదా?"

"ముట్టకు" అన్న. "పక్కకు జరుగు. దాన్ని ఎవ్వరూ ముట్టొద్దు."

ఆ చేతిని పడ్డకాడనే ఉంచి, దాని మీద బుట్ట బోర్లించి, వచ్చి అరుగు మీద కూసున్న. ఇన్నేండ్ల తర్వాత కాగితం ముక్కను చూసి వణికిన. ఎందుకు వణికిన్నో రాయాలె. అది చేసిన మనిషి పేరు మాత్రం రాయ. మా ఊరోళ్ళు ఆయన్ని కరెంటాయన అనేటోళ్ళు. నేను కూడ గట్లనే అంట.

ఆయన నేలకొండపల్లి దిక్కు మనిషి. దుమ్ముగూడెం అవతల అడవంచున ఉన్న మా ఊళ్ళకు లైన్‌మన్‌గా వేసిన్రు. ఇటు వేస్తే ఎవ్వరూ నిలిచేటోళ్ళు కాదు. అడవిల అన్నలు, రోడ్డు మీద పోలీసులు, వానలు మొదలైతే జ్వరాలు. వచ్చినోడు వచ్చినట్టే పైరవీ చేసుకొని ఎల్లిపోయేటోడు. ఈయనకు పైరవీ చేసే ధైర్యం కూడా లేదు. ఒక రేకుపెట్టె, ఒక గోనెసంచి, బారెడు ప్లాస్టిక్ పైపు పట్టుకొని వచ్చి, "అమ్మా, గది కిరాయికి ఇస్తరా?" అని దడి అవతలనే నిలబడి అడిగిండు. లోపలికి రమ్మన్న. తలుపు గడియ పట్టుకునేటప్పుడు చూసిన. చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకతోని ఒక్కసారి తగిలించి, అప్పుడు పట్టుకున్నడు.

ఏది ముట్టినా గట్లనే. చాయ గిలాస గట్లనే. బకెటు గట్లనే. మా కుక్కను నిమరాలన్నా ముందు చెయ్యి తిరగేసేది. ఒకసారి గుమ్మడికాయ ఇస్తే దాన్ని కూడా గట్లనే చూసుకొని తీసుకున్నడు.

"గుమ్మడికాయ కూడ షాక్ కొడతదా నాయనా?"

"అలవాటమ్మా" అని నవ్విండు. "అరచేతితోని ముడితే కరెంటు పట్టేసుకుంటది. వేళ్ళు ముడుసుకపోతయ్, ఇగ ఇడువదు. చెయ్యి తిరగేసి ముడితే వేళ్ళు ముడుసుకున్నా ఇవతలికే వస్తయ్. బతుకుతం."

"గంత భయమైతే ఈ నౌకరీ ఎందుకయ్యా?"

"భయపడుడే నౌకరీ అమ్మా. నాతోటి చేరినోళ్ళల్ల భయం లేనోళ్ళు ఇద్దరుండె. ఇద్దరూ పోలు మీదనే పోయిన్రు."

అబద్ధం కాదు, ఆయన భయం చూడాలె. మబ్బు పడితే ముఖం వాడిపోయేది. జీపు సప్పుడు వింటే తినే కంచం పక్కకు పెట్టేది. పోలెక్కే ముందు ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోయి, హ్యాండిల్ కిందికి గుంజి, దానికి తన ఎర్ర తువ్వాల మూడు ముళ్ళు వేసేది. పది అడుగులు పోయి మళ్ళ వెనక్కి వచ్చి ముడి చూసుకునేది. పోలు మీద ఉండంగ ఎవరన్న ఆ హ్యాండిల్ లేపితే పైనున్న మనిషి మాడిపోతడు. అందుకని మా ఊళ్ళె ఒక్కొక్కరి ఇంటికి పోయి, "అయ్యా, ఎర్ర తువ్వాల ఉన్నప్పుడు దాని దిక్కు పోవద్దు, మీ దండం పెడత" అని చెప్పుకున్నడు. ఊరంత నవ్వింది. గని ఎవ్వరూ పోలే.

ఆ ప్లాస్టిక్ పైపు కరెంటు వైర్లు వేసే పైపే అనుకున్న చాన్నాళ్ళు. నెలకోసారి భద్రాచలం ఆఫీసుకు పోయి వచ్చేటప్పుడు అది చంకల ఉండేది, రెండు చివర్లకు గుడ్డ కుక్కి. ఒకసారి చెక్‌పోస్టు కాడ బస్సు ఆపి అందర్ని దింపిన్రంట. ఒక పోలీసాయన పైపును చూసి, "కింద పెట్టు! దూరం జరుగు!" అని తుపాకీ ఎత్తిండంట. బస్సోళ్ళంత రోడ్డు కిందికి దుంకిన్రంట. ఈయన మోకాళ్ళ మీద కూసొని, వణుక్కుంట గుడ్డ పీకి, లోపలికెల్లి కాగితాలు గుంజిండంట. రంగురంగుల కాగితాలు. ఒకదాని మీద ఉత్త కళ్ళు. ఒకదాని మీద నీలం జుట్టు, ముక్కలు ముక్కలుగ. ఒకదాని మీద కత్తి.

"ఏందిరా ఇది?"

"బొమ్మలు సార్. టీవీల జపాన్ బొమ్మలు వస్తయి గదా, అవి. కత్తిరించి అంటించుకుంటే మనిషి లెక్క నిలబడతయ్."

"నీకు పిల్లలెందరు?"

"లేరు సార్."

"మరి ఎవరికిరా?"

"నాకే సార్."

పోలీసోళ్ళు పొట్ట పట్టుకొని నవ్విన్రంట. 'నాకే సార్, నాకే సార్' అని ఒకరినొకరు వెక్కిరించుకున్నరంట. "వాళ్ళు నవ్వబట్టే బతికినమ్మా" అని చెప్పిండు. చెప్పేటప్పుడు కూడా చేతులు వణుకుతనే ఉన్నయ్.

భద్రాచలంల ఒక ఇంటర్నెట్ సెంటర్ పిలగాడు ఆయనకు ఇవి చూపెట్టిండంట. కంప్యూటర్ల వెతికితే ఊరికెనే దొరుకుతయంట, దళసరి కాగితం మీద రంగు మిషన్ల దింపించుకునుడే. కాగితం మడతపడితే పనికిరాదని పైపుల చుట్టి తెచ్చేది.

ఆ బొమ్మల్ని నేను మొదటిసారి చూసిన రోజు చెప్త. చల్ల ఇద్దామని గదిలకు పోయిన. ఆయన లేడు. గోడకు కొట్టిన చెక్క మీద తొమ్మిదిమందో పదిమందో నిలబడి నన్నే చూస్తున్నరు. జానెడు మనుషులు. ముఖంల సగం కళ్ళే. ఆ కళ్ళల్ల నీళ్ళున్నట్టు తెల్లటి మెరుపు. నీలం జుట్టు పిల్ల ఒకతి, జుట్టు మోకాళ్ళ దాక. తనకంటే పొడుగు కత్తి పట్టుకున్నోడు ఒకడు. నేను చల్ల గిలాస కింద పడేసి బయటికి ఉరికిన. ఆనాడు సాయంత్రం దాక గుండె కుదురుకోలే. మా దిక్కు బొమ్మ చేసుడంటే ఒక్కటే అర్థం. ఎవరికో కీడు చెయ్యనీకె చేస్తరు.

వచ్చినంక నిలదీసిన. "ఏందివి? ఎవరి మీదికి చేస్తున్నవ్?"

ఆయన నాకంటే ఎక్కువ భయపడ్డడు. "అయ్యో అమ్మా, అట్ల అనకు. కూసో, నీ ముందటనే చేస్త" అని నన్ను చాప మీద కూసోబెట్టి చేసి చూపెట్టిండు. సన్న కత్తెర. సగానికి విరిచిన బ్లేడు. రీఫిల్ అయిపోయిన పెన్ను ఒకటి. ఆ ఉత్త పెన్నుతోని గీత మీద గట్టిగ గీస్తే కాగితం అక్కడ ఎట్ల చెప్తే అట్ల మడుసుకుంటది. చుక్కల గీతైతే ఒక దిక్కుకు, చుక్క-గీత చుక్క-గీత ఉంటే ఇంకో దిక్కుకు. ముక్క ముక్కకు అంచుల చిన్న చెవులుంటయ్, చెవి మీద నంబరు. ఏడో నంబరు చెవి ఏడో నంబరు కాడనే అంటించాలె. జిగురు చీపురుపుల్లతోని పెట్టేది. పెట్టి, పట్టుకొని, నోట్లె యాభై లెక్కబెట్టుకునేది.

అప్పుడు చూసిన. ఆయన చేతులు వణుకుతలేవు.

"కాగితంల కరెంటు ఉండదమ్మా" అన్నడు. "పొద్దంత ఏది ముట్టాలన్నా భయమే. దీన్ని అరచేతితోని ముట్టొచ్చు."

ఆనాటి నుంచి నేను కూడ కూసునేదాన్ని. ఆయనకు దగ్గరిచూపు ఆనకపోయేది. నేనేమో యాభై దాటినంక పెద్దోళ్ళకు పెట్టిన మధ్యాహ్నం బడిల అక్షరాలు, అంకెలు నేర్చుకున్నదాన్ని, కొత్త మోజు. "పదమూడు ఏడున్నదమ్మా?" అంటే నేను కాగితమంత వెతికి, "ఇగో, ఇది చెప్పు కింద" అని చూపెట్టేదాన్ని. బొమ్మ మెడ కుదిరితే ఇద్దరం సంబురపడేటోళ్ళం. నంబర్ల పక్కన ఇంకేదో సన్న రాత ఉండేది. కొంకులు, నిలువు గీతలు, చిన్న చిన్న డబ్బాలు. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. అదేందని నేను ఎప్పుడూ అడగలే. ఆయన చదువుకొనే చేస్తున్నడు గదా, అడిగితే నాకు రాదని తెలుస్తది గదా అనుకున్న.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలె, లేకపోతే తర్వాత జరిగింది అర్థం గాదు. మా వాడకట్టుల ఎవరికి ఏ కాగితం వచ్చినా నా కాడికే తెచ్చేటోళ్ళు. మందు సీసా మీద రాత, కార్డు ముక్క, బ్యాంకు చీటీ. కూడబలుక్కొని చదివేదాన్ని. "పెద్దమ్మ చదువుకున్నది" అనేటోళ్ళు. బతుకంత వేలిముద్ర వేసినదాన్ని, ఆ ఒక్క మాట వింటే నా వీపు నిటారుగయ్యేది.

వానాకాలం వచ్చింది. మా పక్కింటి ముత్తయ్య లైను మీద దొంగతనంగ కొండీ తగిలించి కరెంటు పొయ్యి పెట్టుకున్నడు. దానికి రెండుసార్లు ట్రాన్స్‌ఫార్మర్ కొట్టేసింది. కరెంటాయన వచ్చి కొండీ పీకేసిండు. ముత్తయ్య ఏమనలే గని ఆయన భార్య నాగమ్మ ఊకోలే. నాగమ్మ నోరంటే మా ఊరి కోళ్ళు కూడా పక్కకు జరుగుతయ్.

"ఏమయ్యా, కరెంటు నీ అయ్య సొమ్మా? నా పొయ్యి ఆర్పిన నీ చేతులు పడిపోను! కాగితాలు కత్తిరించుకునే మొగోడు కూడ మొగోడేనా?"

ఆయన రెండు చేతులు వీపు వెనక దాచుకొని, లోపలికొచ్చి తలుపేసుకున్నడు.

పది రోజులైందో లేదో, నాగమ్మకు జ్వరమొచ్చింది. రెండో రోజు ఒళ్ళు పొయ్యి లెక్క కాలింది. మూడో రోజు పొద్దున పండ్లు గిట్టకరుచుకున్నయ్. చెంచా పోవట్లే. నాగమ్మ నోరు మూతపడ్డదంటే ఊరంతా గుబేలుమన్నది. గడప కాడ ఊడుస్తుంటే ముత్తయ్యకు ఒక కాగితం ముక్క దొరికింది.

దాన్ని చేతితోని ముట్టకుంట టేకాకు మీద పెట్టుకొని నా కాడికి తెచ్చిండు. వెనక పది పదిహేను మంది.

"పెద్దమ్మా, నువ్వు చదువుకున్నదానివి. దీని మీద ఏం రాసున్నదో చెప్పు."

చూసిన. బొమ్మ ముఖం ముక్క. రంగు సరిగ్గ రాలేదని ఆయన అవతల పారేసిందే. రెండు పెద్ద కళ్ళు, నోరు లేదు. ఆ బొమ్మలకు నోరున్న దవడ వేరే ముక్క మీద ఉంటది, నాకు తెలుసు. అంచున ఒకటి అంకె, దాని పక్కన ఆ కొంకుల రాత. ఎక్కడిదో తెలుసు, ఏందో తెలుసు. ఆ రాత మాత్రం తెల్వదు.

'ఇది కరెంటాయన చేసే బొమ్మ ముక్కరా, రాత నాకు చదవరాదు' అంటే అయిపోయేది. రెండు మాటలు. పదిహేను మంది నా నోటి దిక్కు చూస్తున్నరు. రాదు అనే మాట నాలిక మీదికి రాలే.

"ఇవి అక్షరాలు కావు" అన్న.

"అక్షరాలు కాకపోతే ఏంది?"

నేను పైట సర్దుకున్న. వెనకకెల్లి ఎవరో, "బీజాక్షరాలు" అన్నరు.

"అవునా పెద్దమ్మా?"

నేను మాట్లాడలే. మాట్లాడకపోతే అవ్ అన్నట్టే. అది నాకు ఆ నిమిషానే తెలుసు.

ముత్తయ్య ఆకును అందరి దిక్కు తిప్పి చూపెట్టిండు. "ముఖమంతా ఉన్నది, నోరు లేదు సూడున్రి. నా పెండ్లాం నోరు కట్టేసిండు."

అందరూ ఎల్లిపోయిన్రు. నేను గడపల కూసున్న. నా చిన్నతనంల ఒక ముసలమ్మను పట్టుకొని, మంత్రం చేసిందని పండ్లు పీకిన్రు. పండ్లు లేకపోతే మంత్రానికి నోరు తిరగదంట. పట్కారతోని పీకిన్రు. నేను మా అమ్మ చీర చాటునుంచి చూసిన. ఆ ముసలమ్మ మళ్ళ మాట్లాడలే, ఎక్కువ రోజులు బతకలే. ఆ సప్పుడు నా చెవులల్ల ఉన్నది, ఇప్పటికీ ఉన్నది. గడపల కూసుంటే మళ్ళ వినబడ్డది.

చేన్ల దిక్కు కేకలు వినబడ్డయ్. చెప్పులు కూడా ఏసుకోకుంట ఉరికిన.

పొద్దున వానకు తెగిన లైను కట్టనీకె ఆయన పోలెక్కి ఉన్నడు. నడుముకు తాడు. కింద ముప్పై మంది దాక. ఆయన పనిముట్ల సంచి పోలు మొదట్ల ఉంటే, అందులకెల్లి తీసిన కటింగ్ ప్లేయరు ముత్తయ్య చేతిల ఉన్నది.

"దిగురా! నీ పండ్లు నీ ప్లేయరుతోనే పీకుత!"

పైన ఆయన పోలును రెండు చేతులతోని కావలించుకొని ఉన్నడు. అరచేతులతోని. చెయ్యి తిరగేసే మనిషి అరచేతులతోని పట్టుకున్నడంటే ఎంత భయపడ్డడో నాకే తెలుసు. కాళ్ళు వణుకుతుంటే తాడు వణుకుతున్నది.

"అయ్యా, నేనేం చెయ్యలే... మీ దండం పెడత..."

"వాడు దిగడు గని" అని ఒకడు అన్నడు. వాడి పేరు రాయ. వాడు నూరడుగుల దూరంల ట్రాన్స్‌ఫార్మర్ కాడ నిలబడి ఉన్నడు. హ్యాండిలుకు ఎర్ర తువ్వాల కట్టుంది. "ఇది లేపితే తనంతట తనే దిగుతడు."

ఎవ్వరూ వద్దనలే. వాడు మొదటి ముడి ఇప్పిండు.

ముత్తయ్య కాడికి పోయి చెయ్యి చాపిన.

"ఆ కాగితం ఇటియ్యి."

"ఎందుకు?"

"ఇయ్యిరా!"

ఆకుతో సహా ఇచ్చిండు. అందరికి వినబడేటట్టు చెప్పిన. "పొద్దున నేను అబద్ధం చెప్పిన. ఇవి అక్షరాలో కావో నాకు తెల్వదు. నాకు చదవరాలే. మీ ముందట రాదని చెప్పబుద్ధి కాలే. గంతే."

"ఇప్పుడు వాన్ని కాపాడనీకె చెప్తున్నవ్" అని ఒకామె. "కిరాయి పోతదని భయం" అని ఇంకొకామె.

"అవ్, కాపాడనీకే" అన్న. "ఇది మంత్రమైతే ముందు నా నోరు పడిపోవాలె. చూడున్రి."

ఆ ముక్క నోట్లె పెట్టుకున్న.

ధైర్యంతోని చేసిన పని కాదు. అది మంత్రమేనేమో అని నాకు కూడా సగం నమ్మకమే. దళసరి కాగితం, నాకున్న పండ్లు నాలుగు. నమిలితే నలగదు, మింగితే దిగదు. చేదు రంగు గొంతుల జారింది. ఒక్కరు నీళ్ళియ్యలే. కళ్ళెంట నీళ్ళు కారుతుంటే ఎట్లనో మింగిన.

"ఇగ నేను మాట్లాడుతనే ఉంట. నా మాట ఆగితే ఆ హ్యాండిల్ లేపుకోండ్రి. ఆగకపోతే ఇడిసిపెట్టుండ్రి."

గని ఏం మాట్లాడాలె? నాకు అప్పటికి నోటికి గట్టిగ వచ్చింది ఒక్కటే.

"అ. ఆ. ఇ. ఈ."

పోలు కింద నిలబడి అక్షరాలు చదివిన. అయిపోంగనే మళ్ళ మొదలుపెట్టిన. తర్వాత నూరు దాక అంకెలు. తర్వాత బస్సు బోర్డులు. భద్రాచలం, దుమ్ముగూడెం, పినపాక. మళ్ళ అ, ఆ. ఎవ్వరూ కదలట్లే. నా నోరు ఎప్పుడు వంకర పోతదా అని చూస్తున్నరు. ఎండ పడ్డది, నాలిక పిడచకట్టింది. కడుపుల గుడగుడమంటే అదేనేమో, మొదలైందేమో అనుకున్న. పైన తాడు కిర్రుమంటున్నది. తల ఎత్తి చూడలే. చూస్తే మాట ఆగుతది.

నాలుగోసారో అయిదోసారో మరి. "వ, శ, ష, స..."

ఆగిపోయింది.

స తర్వాత ఏందో గుర్తు రాలే. నోరు తెరుసుకొనే ఉన్న, సప్పుడు లేదు. ముప్పై మంది ఊపిరి బిగబట్టిన్రు. ట్రాన్స్‌ఫార్మర్ కాడ వాడు రెండో ముడి ఇప్పుతున్నడు. మూడో ముడికి చెయ్యి పోయింది.

"హ!"

గుంపులకెల్లి ఎవరో గట్టిగ అరిచిన్రు. ముత్తయ్య తల్లి. మధ్యాహ్నం బడిల నా పక్కన పలక పట్టుకొని కూసున్న మనిషి.

"హ గదనే! స తర్వాత హ! ఎన్నిసార్లు దిద్దించిన్రు నీకు? మొద్దుమొకమా!"

"హ!" అన్న నేను. "హ! ళ! క్ష! ఱ!"

ఎవరో కిసుక్కున నవ్విన్రు. ఆ పక్కన ఇంకొకరు. ముసలామె కొడుకు దిక్కు తిరిగింది. "రేయ్, దీని నోరు మంత్రం పెట్టినా మూతపడదు. నా కోడలు ఆడ సావబడ్డది, నువ్వీడ ప్లేయరు పట్టుకొని తిరుగు. ట్రాక్టర్ తియ్యి. జల్దీ దవాఖానకు తీసుకపో!"

ముత్తయ్య ప్లేయరు కిందేసి ఉరికిండు. గుంపు మెల్లగ పల్చబడ్డది. ట్రాన్స్‌ఫార్మర్ కాడ వాడు మూడో ముడి అట్లనే ఇడిసి, ఎవరి ముఖం చూడకుంట పోయిండు.

కరెంటాయన దిగుతుంటే కాళ్ళు ఆగలే. చివరి నాలుగడుగులు జారి బురదల పడ్డడు. లేసి నా ముందటికొచ్చిండు. చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకతోని నా చెంప మీద ముట్టిండు. మెల్లగ, తీగను ముట్టినట్టు.

"ఉన్నవా అమ్మా?"

"ఉన్న."

అప్పుడు అరచెయ్యి పెట్టిండు. నేను ఏడ్సిన.

ఇంటికొచ్చినంక, నా మాట వల్లనే ఇదంత జరిగిందని ఆయనకు చెప్పిన. పొద్దున నేనేమన్ననో మొత్తం చెప్పిన. ఆయన కోపం చెయ్యలే. అడిగిన. "ఇంతకూ ఆ రాత ఏందయ్యా? ఏమని ఉంటది?"

ఆయన కిందికి చూసిండు. "తెల్వదమ్మా. నాకు కూడ చదవరాదు."

"మరి ఇన్ని రోజులు ఎట్ల చేసినవ్?"

"గీతలు చూసి మడిసిన. నంబర్లు నువ్వు చెప్పినవ్. చదువుకొని చేస్తున్న అని నువ్వు అనుకుంటుంటివి గదా, రాదని చెప్పాలంటే సిగ్గనిపించింది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. నవ్వు రాలే.

బొమ్మలన్ని ఆయనే నా పొయ్యిల పెట్టిండు. నేను వద్దన్న. "మళ్ళ ఎవరికన్న జ్వరమొస్తే?" అన్నడు. ఒక్కొక్కదాన్ని చెక్క మీదకెల్లి తీసి, పెట్టేటప్పుడు ముఖం అవతలికి తిప్పి పెట్టిండు. నీలం జుట్టు పిల్లకు ఒక చెయ్యి లేదు. ఎలుక ఎత్తుకపోయినట్టుంది అనుకున్నం. ఆ నెలలనే ఆయన బతుకుల మొదటిసారి పైరవీ చేసుకొని, బదిలీ తెచ్చుకొని, పోయిండు. ఖాళీ పైపు గది మూలకే ఇడిసిపెట్టిండు. మళ్ళ కనబడలే. ఉన్నడో లేడో తెల్వదు.

నాగమ్మది మలేరియానే. తలకెక్కిందన్నరు. పదిహేను రోజులు దవాఖానల ఉండి, సగమై వచ్చింది. నడవ వచ్చినంక కట్టె పట్టుకొని మా ఇంటికే వచ్చింది.

"ఏడి పెద్దమ్మా, కరెంటాయన?"

"పోయిండు."

"అయ్యో" అన్నది. కాసేపు ముందరి గది దిక్కు చూసింది. "ఆ ముఖం ముక్క నేనే తెచ్చుకున్న. మీ చెత్తకుప్పల పడుంటే, కళ్ళు మంచిగున్నయని. గోడకు అంటించుకుందామని గడప కాడ పెట్టిన. గంతల్నే చలి మొదలాయె. ఆయనకు జర చెప్పు పెద్దమ్మా."

చెప్పలేకపోయిన. ఎక్కడికని చెప్పుడు?

మొన్న నేను అరుగు మీద కూసున్నంతసేపు మేస్త్రి అడుగుతనే ఉన్నడు, అవ్వా బుట్ట తియ్యనా, దూలం దించాలె అని. నేనే లేసి పోయిన. బుట్ట లేపిన. చెయ్యి అట్లనే ఉన్నది, అయిదు వేళ్ళు పైకి. వంగలేక కింద కూసున్న. నా చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకతోని ముట్టిన.

కొట్టలే.

అప్పుడు అరచేతిలకు తీసుకున్న.